పక్షవాతం వచ్చిన పెద్దలు – వారి భోజనం
(మన సంఘం ఉగాది సభలో చేసిన ఉపన్యాసం)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం, పాటలు, పిల్లల నాటకం ఉండడం మన ఆచారం. వీటి నడుమ జబ్బుల మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఈ ఏడాది మన సభ్యుల ఇళ్ళలో నలుగురు పెద్దలకు పక్షవాతం వచ్చింది. మీ పెదనాన్నగారికోసం మీరు ఆస్పత్రుల చుట్టూ తిరిగారు గనుక, తెలుసుకున్నది నలుగురికీ చెప్పండి" అన్నారు. నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్యులేషన్ చదివి రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. డాక్టర్లను అడిగి, చదివి, కళ్ళారా చూచి తెలుసుకున్నదే ఇక్కడ మనవి చేస్తున్నాను. లెక్క రాయడం నా వృత్తి గనుక ఈ సంగతిని కూడ జమాఖర్చుల పద్ధతిలో చెప్పడం నాకు సులభం. తమరు ఓపికతో వినవలెనని ప్రార్థన.

మొదట జబ్బును గురించి రెండు మాటలు. మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళం మూసుకుపోయినా, పగిలినా, మెదడులో ఆ భాగం దెబ్బతింటుంది. ఆ భాగం ఆజ్ఞతో నడిచే చెయ్యి, కాలు, మాట పడిపోతవి. దీనినే మనం పక్షవాతం అంటున్నాము. మూతి వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం – ఈ మూడింటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనిపించినా వెంటనే 108కి ఫోను చెయ్యాలి. 2005లో హైదరాబాదులో పుట్టిన ఆ 108 సేవ 2008లో తమిళనాడుకు కూడ వచ్చింది. నాళం మూసుకుపోయిన రకం పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపున ఇవ్వవలసి ఉంటుంది. ఆ గంటలలో నాటుమందు కోసం రోగిని కారులో వేసుకొని పరవూరు బయలుదేరితే, పోయిన కాలాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. ఈ మాట మన సభలలో ఇదివరకే చెప్పారు గనుక ఇంతటితో వదిలిపెడుతున్నాను.

నేను చెప్పదలచినది ఆ తరువాతి కథ. ప్రాణగండం గడిచింది, రోగి ఇంటికి వచ్చాడు, బంధువులు వచ్చి పళ్ళు ఇచ్చి వెళ్ళారు. ఇక ఏం జరుగుతుంది? పక్షవాతం మెదడుకు వచ్చిన జబ్బు. కాని నెల తిరిగేసరికి అది కండకు కూడ జబ్బు అవుతుంది. పడిపోయిన వైపునే కాదు, బాగున్న వైపున కూడ కండ తరిగిపోతుంది. ఎందుకంటే మనిషి మంచం మీద ఉన్నాడు, కదలడం లేదు, తినవలసినంత తినడమూ లేదు.

మంచం ఎంత పని చేస్తుందో వినండి. 2007లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటించారు. ఏ జబ్బూ లేని కొద్దిమంది పెద్దలను, సగటున 67 ఏళ్ళవారిని, పది రోజులపాటు మంచం దిగకుండా ఉంచారు. భోజనం మామూలు మోతాదు ప్రకారమే పెట్టారు. పది రోజులయ్యేసరికి వారి కాళ్ళనుండి దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. జబ్బు లేనివారి సంగతే అట్లా ఉంటే, పక్షవాతంతో నెలల తరబడి పడుకున్న డెబ్బయి ఏళ్ళవాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వయస్సుతోబాటు కండ తరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు "సార్కోపీనియా" అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో దానికి అర్థం మాంసలేమి. పక్షవాతం ఆ లేమిని తొందరపెడుతుంది.

కండ మన శరీరానికి ప్రావిడెంటు ఫండు వంటిది. ఉద్యోగకాలంలో జమ అయినది ముసలితనంలో కొంచెం కొంచెంగా వాడుకోవాలి. జబ్బు వచ్చినప్పుడు ఒక్కసారిగా పెద్ద మొత్తం తీయవలసి వస్తుంది. తీసినదానికి తగినట్లు మళ్ళీ కట్టకపోతే ఖాతా మూతపడుతుంది. ఖాతా మూతపడడమంటే ఏమిటి? మెదడు కోలుకొని, "లేచి నిలబడు" అని ఆజ్ఞ ఇచ్చే రోజు వచ్చినా, ఆ ఆజ్ఞను నెరవేర్చడానికి కాలిలో కండ ఉండదు.

ఇక్కడ మనం గర్వించదగిన ఒక తెలుగువారిని స్మరించాలి. సెంట్రల్ స్టేషను ఎదుట జనరల్ ఆస్పత్రి, దాని పక్కనే మెడికల్ కాలేజీ మనం రోజూ చూస్తూ పోయేవే. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ మద్రాసు మెడికల్ కాలేజీలోనే చదివి, తరువాత అమెరికా వెళ్ళారు. అక్కడ హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, కండలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొని 1927లో ప్రకటించారు. మనిషి కుర్చీలోనుంచి దిగ్గున లేచేటప్పుడు మొదటి కొద్ది సెకన్లపాటు కండకు కావలసిన శక్తిని చప్పున అందించేది అదే. పక్షవాతం వచ్చిన పెద్దలకు అన్నిటికంటె ముందు కావలసినది ఆ కొద్ది సెకన్ల బలమే. కుర్చీనుంచి లేవగలిగితే మరుగుదొడ్డికి పోగలరు. మరుగుదొడ్డికి ఒకరి సాయం లేకుండా పోగలిగితే సగం మర్యాద తిరిగివచ్చినట్లే. అయితే ఆ శక్తి నిలవ ఉండేది కండలో. కండే లేకపోతే నిలవ ఎక్కడ?

ఇక మా పెదనాన్నగారి సంగతి. ఆయన నెల్లూరు జిల్లానుంచి చిన్ననాడే ఇక్కడికి వచ్చి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయినవారు. పెద్దమ్మతో పెరంబూరులో ఉంటున్నారు. అరవైతొమ్మిదో ఏట కుడివైపు పడిపోయింది. ఆస్పత్రినుంచి వచ్చేనాటికి 61 కిలోల మనిషి మూడు నెలలకు 52 కిలోలయ్యారు. మందులు వేళకు పడుతున్నవి. రక్తపుపోటు అదుపులో ఉన్నది. ఫిజియోథెరపీ కూడ మొదలయింది. కాని కాలు బలపడే సూచన లేదు.

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం ఇంటివద్దకే వైద్యం తెచ్చే పథకం ఒకటి ప్రారంభించింది. "మక్కళై తేడి మరుత్తువం" అని దాని పేరు. అనగా ప్రజలను వెదుక్కుంటూ వచ్చే వైద్యం. రక్తపుపోటుకు, మధుమేహానికి మందులు ఇంటికి తెచ్చి ఇవ్వడం, కదలలేనివారికి ఇంట్లోనే ఫిజియోథెరపీ చేయించడం అందులో ఉన్నవి. ఆ పథకం కింద వచ్చిన అమ్మాయి పెదనాన్నగారిని "తాత్తా" అని పిలుస్తూ, ఒకనాడు సంచీలోనుంచి దర్జీ టేపు తీసి, బాగున్న ఎడమకాలి పిక్క చుట్టూ కొలిచింది. 29 సెంటీమీటర్లు. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన గుర్తు ప్రకారం మగవారికి పిక్క 34 సెంటీమీటర్లకంటె, ఆడవారికి 33కంటె తక్కువ ఉంటే కండ తరిగిందని అనుమానించి పరీక్ష చేయించాలి. ఆ అమ్మాయి టేపు చుట్టి పెట్టి పెద్దమ్మను ఒకే ప్రశ్న అడిగింది: "తాత్తా నిన్న పొద్దుటినుంచి రాత్రిదాకా ఏమేమి తిన్నారు?"

పెద్దమ్మ చెప్పింది: పొద్దున కాఫీ, రెండు బిస్కెట్లు. పదింటికి గంజి. మధ్యాహ్నం చారు అన్నం మెత్తగా పిసికి నాలుగు ముద్దలు. సాయంత్రం కాఫీ, రెండు బిస్కెట్లు. రాత్రి మళ్ళీ గంజి. పప్పు వాతమని ఒక బంధువు చెప్పారట. పెరుగు చలువ, వద్దన్నారట ఇంకొకరు. గుడ్డు వేడి, చేప జబ్బుమనిషికి పడదు, వంకాయ దురద. "లంఖణం పరమౌషధం" అన్న సామెత ఎట్లాగూ ఉన్నదే. పెద్దమ్మకు భర్తమీద ఉన్న ప్రేమవల్లనే ఈ పథ్యాలన్నీ తు.చ. తప్పకుండా జరుగుతున్నవి.

నేను కాగితం తీసి లెక్క వేశాను. కండను కట్టే సరుకు మాంసకృత్తులు. బియ్యం 150 గ్రాములలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు. రెండు కాఫీలలో పాలు 200 మిల్లీలీటర్లు – 6 గ్రాములు. బిస్కెట్లు 2 గ్రాములు. మొత్తం జమ 20 గ్రాములు.

మరి కావలసినదెంత? 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థను తమరెరుగుదురు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీరపు బరువు కిలో ఒక్కింటికి రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులని ఆ సంస్థవారి లెక్క. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు, జబ్బుచేసి చిక్కిన వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాములు మంచిదని అంతర్జాతీయ నిపుణుల సంఘాలు చెబుతున్నవి. 1.2 చొప్పున లెక్కవేసినా, 52 కిలోల మనిషికి 62 గ్రాములు కావాలి. జమ 20, ఖర్చు 62. ఈ లోటును శరీరం ఎక్కడినుంచి భర్తీ చేసుకుంటుంది? ఉన్న కండను కరిగించి. లంఖణం ఒకపూట అజీర్ణానికి ఔషధమేమో కాని, పక్షవాతంనుంచి లేవవలసిన మనిషికి అది రెండో జబ్బు.

డాక్టరుగారిని అడిగి, ఆయన అనుమతితో మార్చిన భోజనపు లెక్క ఇది:

బియ్యం, ఇడ్లీ కలిపి 200 గ్రాముల సరుకు – 16 గ్రాములు
కందిపప్పు, పెసరపప్పు 75 గ్రాములు – 16 గ్రాములు
గుడ్లు రెండు – 13 గ్రాములు
పాలు, పెరుగు కలిపి అర లీటరు – 16 గ్రాములు
చిన్న చేపముక్క, లేదా మెత్తగా ఉడికించిన శనగల సుండల్ – 8 గ్రాములు
వెరసి – 69 గ్రాములు

శాకాహారులు నిరాశపడనక్కరలేదు. గుడ్లు, చేప తీసివేసి, పప్పు 100 గ్రాములు చేసి, పాలు పెరుగు 700 మిల్లీలీటర్లు చేసి, వేయించిన వేరుశనగపప్పు 30 గ్రాములు మెత్తని పొడిగా కొట్టి అన్నంలో కలిపితే 67 గ్రాములు వస్తవి. ముద్దపప్పు, పెసరట్టు, పెరుగన్నం మన వంటకాలే. వీటికోసం ఏ విదేశపు అంగడికీ పోనక్కరలేదు. ఇంకొక సంగతి. రోజు మొత్తానికి కావలసినది రాత్రి ఒక్కపూటే పెట్టడం కంటె మూడు పూటలా పంచి పెట్టడం మేలు. మన ఇళ్ళలో పొద్దుటి ఫలహారంలోనే మాంసకృత్తులు తక్కువ. ఇడ్లీ పక్కన పల్చని చట్నీకి బదులు చిక్కని సాంబారు, ఒక గుడ్డు చేరితే ఆ పూట లెక్క సరిపోతుంది.

కాని కొన్ని హెచ్చరికలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు. మధుమేహం ఉన్నవారు అన్నం, పళ్ళరసాల లెక్క చూచుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకునేవారు ఆకుకూర ఒక వారం తట్టెడు, ఒక వారం శూన్యంగా తినరాదు, ఎప్పుడూ ఒకే తీరున తినాలి. అందరికీ వర్తించేది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకంటె తక్కువ వాడమంటున్నది. అనగా ఒక చిన్న చెంచాలోపు. రక్తపుపోటు పెరిగితే పక్షవాతం మళ్ళీ రావచ్చును. ఆవకాయను వదలమని నెల్లూరు మనిషికి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు.

మరి డబ్బాలలో అమ్మే పోషకపు పొడుల మాటేమిటి? రోగిని చూడడానికి వచ్చినవారు తలా ఒక డబ్బా తెస్తారు. 2005లో "ఫుడ్" అనే పేరుగల పెద్ద పరిశోధన ఫలితాలు వెలువడినవి. నాలుగువేల పైచిలుకు పక్షవాత రోగులలో సగంమందికి ఆస్పత్రి భోజనంతోబాటు పోషక పానీయం కూడ ఇచ్చి చూశారు. అందరికీ అట్లా ఇచ్చినందువల్ల చెప్పుకోదగిన లాభం కనబడలేదు. వారిలో ఎక్కువమంది ముందునుంచి సరిగా తింటున్నవారే. బాగా చిక్కిపోయినవారికి, నమిలి తినలేనివారికి డాక్టరు రాసి ఇస్తే అది వేరు సంగతి. వట్టి గౌరవానికి కొనే డబ్బా డబ్బుతో ఎన్నో డజన్ల గుడ్లు వస్తవి. ఇకమీదట రోగిని చూడబోయేటప్పుడు గుడ్లో, పప్పో, పాలకూపన్లో తీసుకొనిపోయే ఆచారం మన సంఘంలోనే మొదలుపెడదాం.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త చెబుతాను. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మన నమ్మకం. పక్షవాతం వచ్చిన మనిషికి పొలమారితే మాత్రం అట్లా నవ్వుకొని ఊరుకోరాదు. జబ్బు వచ్చిన మొదటి రోజులలో సుమారు సగంమందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. ఆహారం, నీరు పొట్టలోకి పోవలసినది ఊపిరితిత్తులలోకి పోతుంది. దానివల్ల వచ్చే న్యుమోనియా ప్రాణాంతకం. కొందరికి దగ్గు కూడ రాకుండానే లోపలికి పోతుంది. అందుచేత జబ్బు వచ్చిన వెంటనే ఆత్రంగా నోట్లో నీళ్ళు పోయడం చాల ప్రమాదం. ఆస్పత్రిలో మింగే శక్తిని పరీక్షించిన తరువాతనే నోటిద్వారా ఏదైనా ఇవ్వాలి. పరీక్షలో తేలకపోతే ముక్కు గొట్టంద్వారా ఆహారం ఇస్తారు. దానిని చూచి భయపడి, మొండికేసి తీయించరాదు.

విచిత్రమేమిటంటే, మనం తేలిక అనుకునే పల్చని నీళ్ళే ఇట్టివారికి మింగడానికి కష్టం. పల్చనిది గొంతులో వేగంగా జారుతుంది, బలహీనమైన గొంతు సమయానికి మూసుకోలేదు. అందుకని మింగుడు సరిగా లేనివారికి చిక్కగా, మెత్తగా, గడ్డలు లేకుండా ఇవ్వమని స్పీచ్ థెరపిస్టు చెబుతారు. ఎంత చిక్కదనమో వారినే అడగాలి. తినిపించేటప్పుడు రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చెంచా వాడాలి. ఒక ముద్ద మింగిన తరువాతనే రెండోది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించరాదు. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచి ఉన్నవేమో చూచి నోరు శుభ్రం చెయ్యాలి. తిన్న తరువాత అరగంట పడుకోనివ్వరాదు. తాగిన వెంటనే గొంతు గరగరమన్నా, దగ్గు వచ్చినా, జ్వరం తగిలినా డాక్టరుకు చెప్పాలి.

తిండి పెట్టడం ఒకటి, తినడం ఇంకొకటి. కంచంలో వడ్డించినది మిగిలిపోతున్నదంటే కారణం వెదకాలి. కుడివైపు మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపున ఉన్నది కనబడుతున్నా గమనానికి రాదు. కంచంలో కుడి సగం తిని, ఎడమ సగం వదిలేసి, "అయిపోయింది" అంటారు. వారికి చాదస్తమని కోప్పడరాదు, కంచం తిప్పిపెడితే చాలు. ఇంకొందరికి దిగులు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి మనోవ్యాకులత పట్టుకొని ఆకలి చంపేస్తుందని వైద్యులు అంటారు. దానికీ చికిత్స ఉన్నది, అడగడానికి సిగ్గుపడరాదు.

మన ఇళ్ళలో మరొక కారణం ఉన్నది. దీనిని ఇంగ్లీషు పుస్తకాలు రాయవు. కుడిచెయ్యి పడిపోయినవారు ఎడమచేత్తో తినవలసి వస్తుంది. ఎడమచేత్తో ముద్ద ఎత్తడం అపచారమని చిన్ననాటినుంచి నేర్చిన ప్రాణం. పెదనాన్నగారు ఎడమచెయ్యి కంచంలో పెట్టరు. కోడళ్ళచేత తినిపించుకోవడం నామోషీ. పెద్దమ్మ తినిపిస్తే నాలుగు ముద్దలు తిని చాలనేవారు. ఎవరైనా గడపలోకి వస్తే కంచం తీసేయమనేవారు. ఆయనకు ఆకలి లేక కాదు, అభిమానం అడ్డువచ్చింది. ఆ అమ్మాయి ఒక చెంచా పిడికి గుడ్డ మందంగా చుట్టి, అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం తీసుకొని, జారకుండా పళ్ళెం కింద తడిగుడ్డ పరచింది. మా చిన్నవాడిది పుట్టుకతో ఎడమచేతివాటం. వాణ్ణి అందుకు మందలించినవారిలో పెదనాన్నగారే మొదటివారు. వాడు ఆయన పక్కన కూర్చొని, తన చెంచా ఎట్లా పట్టుకుంటాడో చూపించాడు. తాతా మనుమడూ అట్లా తినడం మొదలయింది. పళ్ళెం ఖాళీ కావడం కూడ ఆనాటినుంచే మొదలయింది.

తిండి ఒక్కటే చాలదు. కండకు సరుకు తిండి, పని వ్యాయామం. వ్యాయామం లేని తిండి కొవ్వు అవుతుంది. తిండి లేని వ్యాయామం ఉన్న కండను కూడ కాల్చేస్తుంది. అయితే వ్యాయామంలో తొందర కూడ మంచిది కాదు. 2015లో ప్రకటించిన "అవర్ట్" అనే పరిశోధనలో రెండువేల పైచిలుకు రోగులు పాల్గొన్నారు. మొదటి 24 గంటలలోనే లేవదీసి మాటిమాటికి నడిపించిన రోగులకంటె, మామూలు పద్ధతిలో నెమ్మదిగా లేపిన రోగులే మెరుగుగా కోలుకున్నారు. ఎప్పుడు, ఎంత అన్నది ఆస్పత్రివారు నిర్ణయించాలి. అట్లాగని తరువాత నెలల తరబడి పడుకోబెట్టడం సరికాదు.

మన దేశంలోనే జరిగిన మరొక పరిశోధన "అటెండ్". 14 ఆస్పత్రులలో 1250 మంది రోగులు. ఇంటివారికి వ్యాయామాలు నేర్పి వారిచేతనే చేయిస్తే చాలునా అని పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది. మామూలు చికిత్స పొందినవారికంటె వీరికి అదనపు లాభం కనబడలేదు. దీని అర్థం ఇంటివారి శ్రమ వృథా అని కాదు. పక్షవాతపు భారమంతా భార్యమీదనో, కోడలిమీదనో పెట్టి, వైద్యులు, ఫిజియోథెరపిస్టులు చేతులు దులుపుకోవడానికి వీలులేదని అర్థం. అందుచేత అడిగి తీసుకోండి. రిటైరయిన రైల్వేవారికి పెరంబూరు రైల్వే ఆస్పత్రి ఉన్నది. అందరికీ సెంట్రల్ ఎదుట జనరల్ ఆస్పత్రి, కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉన్నవి. ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ గురించి మీ వార్డు ఆరోగ్యకేంద్రంలో విచారించండి. తమిళం సరిగా రాని పెద్దలు మొహమాటపడి అడగక ఊరుకుంటారు. వారి వెంట మనలో ఒకరు పోవాలి.

అయిదు నెలల తరువాత పెదనాన్నగారి బరువు 56 కిలోలు, పిక్క 31 సెంటీమీటర్లు. కుర్చీ చేతులు పట్టుకొని తనంతట లేస్తున్నారు. కర్రసాయంతో వీధి మలుపువరకు పోయి వస్తున్నారు. కుడిచేతి వేళ్ళు తిరిగి రాలేదు. రావచ్చును, రాకపోవచ్చునని డాక్టరుగారు అన్నారు. తిండి చచ్చిన మెదడును బ్రతికించదు. మిగిలిన మెదడు నేర్చుకునే పనికి శరీరాన్ని సిద్ధంగా ఉంచుతుంది. అంతకుమించి ఆశపెట్టడం న్యాయం కాదు.

ఈ లెక్కలో ఇంకొక ఖాతా ఉన్నది. ఆ అమ్మాయి ఒకనాడు పెద్దమ్మను కూడ తూకం యంత్రం ఎక్కించింది. 41 కిలోలు. రోగిని లేవనెత్తేది, స్నానం చేయించేది, రాత్రి మేలుకునేది ఆమె. గుడ్డు ఆయనకు, పెరుగు మీగడ ఆయనకు, అడుగున మిగిలిన చారు ఆమెకు. మన ఇళ్ళలో అందరికంటె ఆఖరున, అందరికంటె తక్కువగా తినేది అమ్మే. ఆమెకు అరవై దాటినవి, ఆమె కండ కూడ తరుగుతున్నది. రేపు ఆమె జారిపడితే ఇద్దరినీ ఎవరు చూస్తారు? సొంతవూళ్ళో అయితే పక్కింటి వదినో, ఎదురింటి అక్కయ్యో ఒక పూట కూర్చుంటారు. పొట్టకూటికి వచ్చిన ఈ మహానగరంలో మనకు ఆ పక్కిల్లు ఈ సంఘమే.

అందుకని మూడు మనవులు. ఒకటి, సంఘం గదిలో ఒక తూకం యంత్రం, ఒక టేపు ఉంచుదాం. అరవై దాటిన సభ్యులందరి బరువు, పిక్క కొలత మూడు నెలలకొకసారి పుస్తకంలో రాసే పని నేను చేస్తాను, అది నాకు చేతనయిన పనే. రెండు, పక్షవాతం వచ్చిన ఇంటికి వంతులవారీగా వారానికి రెండు పూటలు ఎవరైనా పోయి కూర్చోవాలి, ఆ పూట ఇల్లాలు నిద్రపోవాలి. మూడు, ఆస్పత్రికి తోడుపోగల తమిళం తెలిసిన యువకుల పేర్లు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శిగారికి ఇవ్వాలి.

ఇంకొద్దిసేపటిలో పంక్తి భోజనాలు. ఇవాళ పెద్దలకు మొదట వడ్డించండి. వడ్డించి వెళ్ళిపోక, వారు ఏమి తిన్నారో, ఏమి వదిలారో ఒకసారి చూడండి. వారికి వడ్డించిన అమ్మలను కూడ పక్కనే కూర్చోబెట్టండి.